రెండు రాత్రుల అతిథి, ఐదో రోజు బయటపడే జబ్బు

కొండకు వచ్చే యాత్రికుడు మన తిరుపతిలో ఎక్కువ రోజులు ఉండడు. తెల్లవారుజామున రైలు దిగుతాడు. లాడ్జిలో స్నానం, కొండ మీద గుండు, క్యూలో కొన్ని గంటలు, దర్శనం, కిందికి దిగి తిరుచానూరు, టైముంటే శ్రీకాళహస్తి. రెండో రాత్రికో మూడో పొద్దుకో మళ్లీ రైలెక్కేస్తాడు.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. కలరా క్రిమి ఒంట్లో చేరాక బేదులు మొదలవడానికి కొన్ని గంటల నుంచి ఐదు రోజులు పడుతుంది. డెంగీకి నాలుగు నుంచి పది రోజులు. టైఫాయిడ్‌కు మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు. మురికి నీళ్లతో వచ్చే ఎ రకం కామెర్లకు దాదాపు నెల.

అంటే తిరుపతిలో అంటుకున్న జబ్బు చాలాసార్లు తిరుపతిలో బయటపడదు. కరీంనగర్‌లో ఇద్దరు, బళ్లారిలో ఒకరు, సేలంలో ముగ్గురు మంచం పడతారు. అక్కడి డాక్టరుకు అది రోజూ చూసే కేసే. 'ఎక్కడికైనా పోయొచ్చారా?' అని అడిగితే 'కొండకు పోయొచ్చినాం' అంటారు, అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. ఇక్కడి రికార్డుల్లో మాత్రం సున్నా. సున్నా చూసి మనం హాయిగా ఉంటాం. ఆలోగా అదే కుళాయి దగ్గర ఇంకో రెండు వేల మంది నీళ్లు తాగి వెళ్లిపోతారు.

అంటువ్యాధి ప్రబలితే ఏం చేయాలనే అత్యవసర ప్రణాళిక అనగానే మనకు ఓ లావాటి ఫైలు గుర్తొస్తుంది. కమిటీలు, బెడ్ల లెక్కలు, అంబులెన్సుల జాబితా, చివర సంతకాలు. అవన్నీ కావాల్సినవే. కానీ నాకు అర్థమైనంతలో తిరుపతి లాంటి ఊరికి ప్రణాళిక బాగుందా లేదా అని తేల్చేది వేరే ఉంది. మామూలు రోజుల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోని వాళ్లు, అంటే లాడ్జి మేనేజరు, ల్యాబ్ టెక్నీషియన్, కొండ మీద హెల్త్ సిబ్బంది, పక్క రాష్ట్రపు డాక్టరు, ఎంత తొందరగా ఒకరికొకరు ఫోన్ చేసుకోగలరు? ఎవరు ఎవరికి చేయాలో ముందే తెలుసా? మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

మాటలతో కంటే ఒక ఊహతో చెప్పడం తేలిక. రైల్వే స్టేషన్ దగ్గర 50 గదుల లాడ్జి ఒకటి అనుకుందాం. ఎండాకాలం, సోమవారం ఉదయం.

రూమ్ బాయ్‌కి తెలిసింది, ప్రభుత్వానికి తెలియంది

"సార్, రెండో ఫ్లోర్లో మూడు రూముల్లో వాంతులు, బేదులు. దుప్పట్లన్నీ మార్చాల సార్."

ఈ మాట మేనేజరు చెవిన పడింది. ఆయన ముందు ఆలోచించేది లాడ్జి పేరు గురించి. ఆటో పిలిచి వాళ్లను ఏదో క్లినిక్‌కి పంపిస్తాడు. మూల మీది మెడికల్ షాపాయన ఆ పొద్దున్నే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రోజుకంటే నాలుగింతలు అమ్మాడు. ఎండలు కదా అనుకున్నాడు. క్లినిక్‌లో సెలైన్ ఎక్కించారు, మధ్యాహ్నానికి కాస్త తేరుకున్నారు, సాయంత్రం రైలెక్కారు. నలుగురికి నాలుగు ముక్కలు తెలుసు. నాలుగూ కలిపి చూసేవాడు లేడు.

ఇలాంటి ముక్కలను కలపడానికే దేశంలో 2004 నుంచి సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం నడుస్తోంది. వార్డు ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం తన పరిధిలో కనిపించిన లక్షణాలను ఎస్ ఫారంలో నింపుతుంది. డాక్టరు ఫలానా జబ్బు అనుకుంటున్నానని పి ఫారంలో రాస్తాడు. ల్యాబ్ తేల్చింది ఎల్ ఫారంలోకి పోతుంది. 2021 నుంచి ఇవన్నీ ఆన్‌లైన్ వేదికలోకి మారాయి. పద్ధతి మంచిదే. అయితే ఏఎన్‌ఎం చేతిలో ఉండేది ఆ వార్డులో కాపురముండే ఇళ్ల జాబితా. లాడ్జి గదిలో రెండు రాత్రులు పడుకున్న మనిషి ఏ ఏఎన్‌ఎం లెక్కలోకి వస్తాడు? సచివాలయం ట్యాబ్‌లో అతను లేడు. ఊరి జనాభాకు తోడు రోజూ ఇంకో చిన్న పట్టణమంత జనం వచ్చిపోయే చోట, నిఘా మాత్రం స్థిరంగా ఉండేవాళ్ల మీదే ఉంటే ఎలా?

కాబట్టి ఈ ఊరి ప్రణాళికలో మొదటి పేజీలో ఉండాల్సింది లాడ్జీలు, సత్రాలు, మెడికల్ షాపులు, స్టేషన్ దగ్గరి క్లినిక్‌లు, ఆర్‌ఎంపీలు. వాళ్లు పెద్ద ఫారాలు నింపక్కర్లేదు. 'ఒకే రోజు రెండు గదుల్లో బేదులైతే ఈ నంబరుకు చెప్పండి' అన్న ఒక్క వాక్యం చాలు. ఇంకో హామీ కూడా ఇవ్వాలి: చెప్పినందుకు లాడ్జికి తాళం వేయం, పేపర్లో పేరు రానివ్వం. ఆ హామీ లేకపోతే ఎవరూ చెప్పరు. నేనైనా చెప్పను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు, మన గుమ్మం ముందే జరిగింది. మాది చిత్తూరు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే 'వేలూరు పోదాం' అనడం మాకు అలవాటు. గంట ప్రయాణం, సీఎంసీ ఆస్పత్రి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లానే, చిత్తూరే దానికి కేంద్రం. తర్వాత వేలూరు కేంద్రంగా మిగిలిన ఆ ఉత్తర ఆర్కాటులో 1980ల్లో సీఎంసీకి చెందిన టి. జాకబ్ జాన్ బృందం ఒక చిత్రమైన పని చేసింది. ప్రైవేటు డాక్టర్లకు ముందే అచ్చువేసిన పోస్టుకార్డులు పంచింది. జాబితాలోని జబ్బు ఏదైనా అనుమానం వస్తే టిక్కు పెట్టి డబ్బాలో వేయడమే. వచ్చిన కార్డులను క్రోడీకరించి డాక్టర్లకే తిరిగి బులెటిన్‌గా పంపేవారు. తాను రాసిన కార్డు ఎక్కడికి పోయిందో డాక్టరుకు తెలిసేది, అందుకే మళ్లీ రాసేవాడు. మన ఆన్‌లైన్ వేదికలకు ఇప్పటికీ సరిగ్గా అబ్బని గుణం అదే. సమాచారం పైకి పోతుంది, కిందికి రాదు.

చిత్తూరు మనిషికి వేలూరులో జబ్బు తేలితే ఆ కబురు వేలూరు నుంచి చెన్నైకి, చెన్నై నుంచి ఢిల్లీకో అమరావతికో పోయి, అక్కడి నుంచి చిత్తూరుకు దిగాలి. బస్సులో గంట దూరాన్ని ఫైలు ఎన్ని రోజుల్లో చేరుకుంటుంది? రెండు జిల్లాల నిఘా అధికారుల దగ్గర ఒకరి సెల్ నంబరు ఒకరికి ఉంటే ఆ చుట్టుతిరుగుడు తప్పుతుంది.

పేరు తెలియకముందే

సరే, ఎవరో ఒకరు ఫోన్ చేశారనుకుందాం. ఇప్పుడు పెద్ద చిక్కు: ఇది ఏ జబ్బు? ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి రెండు మూడు రోజులు. అప్పటిదాకా ఆగాలా?

2020 డిసెంబరులో ఏలూరులో జరిగింది గుర్తుందా? జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు, కొద్దిరోజుల్లోనే ఆరు వందల మంది దాటారు. అసలే కరోనా కాలం. కొత్త వైరస్సా, నీళ్లా, దోమల మందా అని రకరకాల అనుమానాలు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల మీదకూ అనుమానం పోయింది. చివరకు అది అంటువ్యాధే కాదు. కానీ మొదటి రోజు ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆస్పత్రిలో బెడ్లు, ఇంటింటి సర్వే, నీళ్ల పరీక్ష, రక్త నమూనాలు, అన్నీ జబ్బు పేరు తెలియకముందే మొదలవ్వాల్సి వచ్చింది. ప్రణాళిక జబ్బు పేరుతో మొదలైతే ఇలాంటి చోట చేతులు కట్టుకుని కూర్చోవాలి. లక్షణాలతో మొదలవ్వాలి: బేదులా, జ్వరం దద్దుర్లా, జ్వరం దగ్గా, జ్వరం మూర్ఛా, కామెర్లా. ఒక్కోదానికి మొదటి 24 గంటల్లో చేయాల్సినవి ముందే రాసి పెట్టుకోవాలి.

దీనికి ఉల్టా అనుభవం కేరళది. 2018 మేలో కోజికోడ్ జిల్లా పేరాంబ్ర దగ్గర ఒక కుటుంబంలో ఒకరు చనిపోయారు. కొద్దిరోజులకు అదే ఇంట్లో ఇంకొకరికి అవే లక్షణాలు. ఒకే ఇంట్లో రెండో కేసు అన్న చిన్న విషయాన్ని అక్కడి ప్రైవేటు ఆస్పత్రి డాక్టర్లు పట్టుకున్నారు, వెంటనే నమూనాలు పంపారు. నిపా వైరస్ అని తేలింది. ఆసారి 17 మంది చనిపోయారు, చాలామందికి అంటుకున్నది ఆస్పత్రుల్లోనే. అయినా రెండు వేల మందికి పైగా కాంటాక్టులను వెతికి పట్టుకుని గమనించడంతో జబ్బు ఇంకా పాకలేదు. మన లాడ్జి కథలో మేనేజరు పాత్ర అక్కడ డాక్టరు పోషించాడు. తేడా ఏమిటంటే, అక్కడ ఆయన చెప్పాడు, అవతల వినేవాళ్లున్నారు.

ఎంత తొందరగా స్పందిస్తే బాగున్నట్టు? ఈమధ్య ప్రపంచమంతా వాడుతున్న కొలత ఒకటుంది: 7-1-7. మొదలైన ఏడు రోజుల్లో పసిగట్టాలి, పసిగట్టిన ఒక్క రోజులో పైవాళ్లకు తెలియజేయాలి, ఆ తర్వాత ఏడు రోజుల్లో తొలి చర్యలన్నీ నడుస్తూ ఉండాలి. అతిథి రెండు రాత్రులకే వెళ్లిపోయే ఊళ్లో ఆ మొదటి ఏడు చాలా ఎక్కువ అని నా అభిప్రాయం. మనకు అది మూడుకు తగ్గాలి.

లడ్డూ తిన్నారా?

సమాచారం అందగానే బయల్దేరేది రాపిడ్ రెస్పాన్స్ టీం. జిల్లా నిఘా అధికారి, ఫిజీషియన్, మైక్రోబయాలజిస్టు, అవసరాన్ని బట్టి కీటకాల నిపుణుడో పశువైద్యుడో ఆహార భద్రత అధికారో. పశువైద్యుడు ఎందుకంటారా? పాడి పశువుల జిల్లా మనది. చాలా జబ్బులు కొట్టం నుంచి ఇంట్లోకి వస్తాయి. పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఇక్కడ ఏటా కనిపించేదే, అది మనిషి నుంచి మనిషికి అంటదు. ఆ సంగతి తెలిస్తే ఊరికి ఊరే మాస్కులు పెట్టుకుని భయపడక్కర్లేదు. ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన మచ్చ కోసం వెతికి, సరైన మందు మొదలుపెడితే సరిపోతుంది.

టీం చేసే మొదటి పని చూడ్డానికి చాలా చప్పగా ఉంటుంది: 'కేసు' అంటే ఏమిటో ఒక వాక్యంలో రాసుకోవడం. 'ఈ తేదీ తర్వాత తిరుపతిలో ఒక రాత్రయినా ఉండి, ఒక రోజులో మూడు సార్లకు మించి నీళ్ల విరేచనాలైన ఎవరైనా.' ఈ వాక్యం లేకపోతే ఒక ఆస్పత్రి 12 అంటుంది, ఇంకోటి 60 అంటుంది, సాయంత్రం టీవీలో 200 అవుతుంది. తర్వాత లైన్ లిస్టు. ఒక్కో రోగికి ఒక్కో వరస: వయసు, ఎక్కడ దిగాడు, ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నాడు, ఎక్కడ తాగాడు.

జబ్బు మొదలైన వేళలను గీతగా గీస్తే అదే సగం కథ చెబుతుంది. ఒక్కసారిగా నిటారుగా లేచి దిగిపోతే అందరూ ఒకే చోట ఒకే పూట ఏదో తిన్నట్టు. తిన్న కొన్ని గంటలకే వాంతులు ఎక్కువగా ఉంటే నిల్వ ఆహారంలో తయారైన విషం కావచ్చు. రోజుల తరబడి సాగుతూ పోతే నీళ్ల పైపు మీద అనుమానం. అలలు అలలుగా వస్తే మనిషి నుంచి మనిషికి పోతున్నట్టు.

ఇక్కడే తిరుపతికి మాత్రమే ఉన్న ఒక తమాషా ఇబ్బంది. 'లడ్డూ తిన్నారా?' అని అడగండి. నూటికి నూరు మందీ తిన్నామనే అంటారు. 'అన్నప్రసాదం తిన్నారా?' ఎక్కువమంది తిన్నామంటారు. ఆ కాగితం ఒక్కటీ బయటికొస్తే రాత్రికి రాత్రే దేశమంతా పుకారు. కానీ అది సాక్ష్యం కాదు. జబ్బు పడని వాళ్లను కూడా అదే ప్రశ్న అడగాలి. బాగున్న వాళ్లలోనూ నూటికి నూరు మంది లడ్డూ తినుంటే లడ్డూకి ఏ పాపమూ తెలియదు. అదే, జబ్బు పడ్డ 20 మందిలో 17 మంది లాడ్జి కింద ఫలానా డ్రమ్ములో నీళ్లు తాగి, బాగున్న 20 మందిలో ముగ్గురే తాగి ఉంటే, ఆ డ్రమ్ము దగ్గరికి నడవాలి. రోగులను మాత్రమే అడిగి తేల్చేయడం మనలో చాలా పాతుకుపోయిన అలవాటు. బాగున్నవాడిని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

నమూనాల విషయంలో ఒక్క మాట. యాంటీబయాటిక్ పడకముందే మలం నమూనా తీయాలి. పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. కలరా అనుమానమైతే దాన్ని పంపడానికి క్యారీ బ్లెయిర్ అనే ప్రత్యేక మాధ్యమం గొట్టాలు కావాలి. ఆదివారం రాత్రి అవి ఏ బీరువాలో ఉన్నాయి, తాళం ఎవరి దగ్గరుంది? ల్యాబ్‌లకు మనకు కొదవ లేదు. 2020లో రాష్ట్రంలో కరోనా పరీక్షలు మొదలైన తొలి ల్యాబుల్లో తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిది ఒకటి. కొరత ఎప్పుడూ చివరి కిలోమీటరులోనే వస్తుంది, నమూనాను మోసుకెళ్లే మనిషి దగ్గర.

ముగ్గు పోసినట్టు బ్లీచింగ్

ఏ వ్యాధి వచ్చినా మనకు కళ్లకు కనిపించే స్పందన ఒకటే: రోడ్డుకు రెండు వైపులా తెల్లగా బ్లీచింగ్ గీతలు. పెద్దవాళ్లెవరైనా వస్తున్నా అవే గీతలు. మట్టి మీద చల్లిన పొడి ఎండకు, గాలికి తేలిపోవడం తప్ప ఏమీ చేయదు. కరోనా మొదట్లో మనుషుల మీదే ద్రావణం చల్లే టన్నెళ్లు కట్టారు. అలా చేయొద్దని 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పాల్సి వచ్చింది.

అదే బ్లీచింగ్ నీళ్ల ట్యాంకులో సరైన మోతాదులో పడితే ప్రాణాలు నిలబెడుతుంది. కలిపాక కనీసం అరగంట ఆగాలి. పైపు లైను చిట్టచివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర బాగుంటే చాలదు, ఎందుకంటే దారిలో పైపు పగిలి డ్రైనేజీ కలిసే చోటే క్లోరిన్ ఖర్చయిపోతుంది. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు రాకపోతే ఆ వీధిలో తేడా ఉన్నట్టే. పది రూపాయల పని. తిరుపతికి కల్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు, అవి చాలక బోర్లు, ప్రైవేటు ట్యాంకర్లు. మునిసిపల్ నీళ్లను పరీక్షించి, లాడ్జి సంపులో ట్యాంకరు పోసిన నీళ్లను వదిలేస్తే, మన ఊహా కథలోని డ్రమ్ము ఎప్పటికీ దొరకదు. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగి, కాలనీలు మునిగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు చూశాం. వరద తీసిన రెండో రోజు నుంచే ఈ పసుపు రంగు పరీక్ష వీధి వీధిలో జరగాలి. బురద నీళ్లు క్లోరిన్‌ను మింగేస్తాయి, మోతాదు కూడా పెంచుకోవాలి.

ఇక కలరా పట్టిన మనిషిని బతికించడం, వింతగా, ఇందులో అన్నిటికంటే తేలిక. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో కలిపి కుటుంబ సభ్యుల చేతే తాగించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఇవాళ సకాలంలో నీళ్లు పడితే నూటికి ఒక్కరు కూడా పోనక్కర్లేదు. ప్రతి లాడ్జి కౌంటరులో ఓ యాభై ప్యాకెట్లు ఉంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తాళం ఎవరి దగ్గర?

కొండ మీద పారిశుధ్యం, క్యూలు, వంటశాల దేవస్థానానివి. కింద నగరం కార్పొరేషన్‌ది. చుట్టూ ఉన్న ఊళ్లు పంచాయతీలవి. స్టేషన్ రైల్వే వాళ్లది, రేణిగుంట విమానాశ్రయం కేంద్రానిది, అలిపిరి బస్సులు ఆర్టీసీవి. 2022 ఏప్రిల్ 4 నుంచి పాత చిత్తూరు జిల్లా ముక్కలై, తిరుపతి జిల్లాలోకి నెల్లూరు వైపు ఊళ్లు కూడా వచ్చి చేరాయి. మన రూమ్ బాయ్ చెప్పిన బేదులకు కారణం కొండ మీదా, కిందా, దారిలోనా తెలియనప్పుడు ఎవరి మాట చెల్లాలి?

చట్టం ప్రకారం జవాబుంది. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చాక చేసిన 1897 అంటువ్యాధుల చట్టం రాష్ట్రానికి అసాధారణ అధికారాలిస్తుంది. నాలుగే సెక్షన్ల చిన్న చట్టంగా పుట్టింది, 2020లో సవరించారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. అధికారం ఉంది సరే. కానీ ఒక వంటశాలను రెండు పూటలు ఆపాలన్నా, ఒక క్యూ కంపార్ట్‌మెంటు ఖాళీ చేయించాలన్నా, ఆ మాట కొండ మీద ఎవరు ఎవరికి చెప్పాలో పేర్లతో రాసి ఉండకపోతే ఆ మొదటి ఆరు గంటలు మీటింగుల్లోనే పోతాయి.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం మూసేయడం. కరోనాకు 2020 మార్చి 20 నుంచి భక్తులకు దర్శనం ఆపారు. స్వామికి కైంకర్యాలు ఏకాంతంగా సాగాయి. జూన్ రెండో వారంలో మళ్లీ తెరిచారు. ఆ ఎనభై రోజులు ఈ ఊరు ఏమైందో ఇక్కడి ఆటోవాళ్లను, పూలమ్మేవాళ్లను అడగాలి. ఆ భయంతోనే రేపు నిజంగా ఆపాల్సిన రోజున ఎవరూ ఆపమనలేరు. అందుకే 'ఇన్ని కేసులొస్తే ఇది ఆపుతాం, ఇన్ని రోజులు రాకపోతే తెరుస్తాం' అని ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే మెట్లు మెట్లుగా రాసుకోవాలి. ఒక లాడ్జి, ఒక వీధి, ఒక వంటశాల. ఊరంతా మూయడం చిట్టచివరి మెట్టు. తొందరపడి భయపెడితే ఏమవుతుందో 1994లో సూరత్ చూపించింది. ప్లేగు అనగానే లక్షల మంది రైళ్లెక్కి పారిపోయారు.

మన పెద్దలు ఈ విషయం మీద ఎప్పుడో ఆలోచించినట్టున్నారు. గంగమ్మ జాతరకు చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు, పొరుగూరివాళ్లు రాత్రి బస చేయకూడదు అంటారు. జబ్బుల నుంచి ఊరిని కాచే తల్లి పండగకు ఈ కట్టుబాటు కాకతాళీయం కాదేమోనని నాకెప్పుడూ అనిపిస్తుంది. నిరూపించలేను.

ఆక్సిజన్ లెక్క

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, అప్పుడు అధికారులు చెప్పిన లెక్క ప్రకారం 11 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకరు ఆలస్యమైంది. సరఫరా కొద్ది నిమిషాల్లోనే తిరిగి అందిందన్నారు. ఆ కొద్ది నిమిషాలే చాలాయి.

ఇలాంటిదాన్ని బెడ్ల సంఖ్యతో ఊహించలేం. నిమిషానికి 10 లీటర్లు కావాల్సిన రోగికి రోజుకు 14,400 లీటర్లు. పెద్ద సిలిండరులో సుమారు 7,000. అంటే ఒక్కరికి రెండు సిలిండర్లు. వంద మందికి రెండు వందలు, రోజూ. లీటరు ద్రవ ఆక్సిజన్ దాదాపు 860 లీటర్ల వాయువవుతుంది కాబట్టి పది వేల లీటర్ల ట్యాంకు ఆ వంద మందికి ఆరు రోజులు వస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ అదే వంద మంది పరిస్థితి దిగజారి నిమిషానికి 60 లీటర్ల యంత్రాల మీదికి మారితే, అదే ట్యాంకు ఒక్క రోజే. బెడ్లు పెరగలేదు, రోగులు పెరగలేదు, ఆరు రోజులు ఒకటైంది. ప్రణాళికలో రాసుకోవాల్సింది 'ట్యాంకు ఎంత' అని కాదు, 'ఈ గంట లెక్కన ఇంకెన్ని గంటలు, తర్వాతి ట్యాంకరు ఇప్పుడు ఏ టోల్‌గేటు దగ్గరుంది' అని.

వెళ్లిపోయినవాళ్లు

మళ్లీ మన లాడ్జికి వద్దాం. డ్రమ్ము దొరికింది, ట్యాంకరు దొరికింది. ఐదు రోజులుగా ఆ నీళ్లు తాగి వెళ్లిపోయినవాళ్ల సంగతి? 50 గదులు, ఐదు రోజులు, రోజుకో కుటుంబం అనుకుంటే 250 ఫోన్లు. ఒక్కోటి ఆరు నిమిషాలు. మొత్తం 25 గంటలు, ముగ్గురు కూర్చుంటే ఒక్క రోజు పని. అసాధ్యమేమీ కాదు. అయితే ఆ ముగ్గురికీ కలిపి తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ రావాలి. లాడ్జి రిజిస్టరులో నంబరు పది అంకెలూ ఉండాలి, చాలాసార్లు తొమ్మిదే ఉంటాయి.

గాలితో పాకే జబ్బయితే లెక్క పెరుగుతుంది. తట్టు వైరస్ రోగి వెళ్లిపోయాక కూడా గదిలో రెండు గంటల దాకా ఉండగలదు. టీకా పడని జనం మధ్య ఒకరు 12 నుంచి 18 మందికి అంటించగలరు. దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుతుంది. వైకుంఠం క్యూ కంపార్ట్‌మెంటులో ఒక బిడ్డకు అలా ఉంటే? ఇక్కడ మనకు వేరే ఊళ్లకు లేని వసతి ఉంది. సర్వదర్శనం టోకెనుకు ఆధార్ చూపిస్తున్నాం, ఆన్‌లైన్ టికెట్లకు ఫోన్ నంబరు ఇస్తున్నాం. ఎవరు ఏ పూట క్యూలో ఉన్నారో ఎక్కడో నమోదై ఉంది. అంటువ్యాధి వేళ వైద్యసేవ కోసం ఇలాంటి సమాచారం వాడుకోవడానికి 2023 డేటా రక్షణ చట్టంలోనూ వీలుంది. ఎవరు అడగాలి, ఎవరు ఇవ్వాలి, ఎన్నాళ్లకు చెరిపేయాలి అన్నది ముందే ఒప్పందంగా రాసుకోవాలి. లేకపోతే అవసరమైన రోజు ఫైలు తిరుగుతూ ఉంటుంది, లేదా, అంతకంటే దరిద్రం, ఆ జాబితా వాట్సాప్‌లో తిరుగుతుంది.

ఫోన్ చేసినప్పుడు ఏమనాలన్నదీ రాసి పెట్టుకోవాలి. 'తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం' అనగానే అవతలివాళ్లు లాటరీ మోసం అనుకుని పెట్టేస్తారు. ఎత్తినవాళ్లు కూడా భయపడతారు, స్వామికి అపచారమేదో జరిగిందనుకుంటారు. అమ్మవారు పోసింది అని చెప్పుకునే జనానికి వైరస్ అని మొదలుపెట్టడం కంటే, 'బేదులేమైనా అవుతున్నాయా అమ్మా, పిల్లలు బాగున్నారా?' అని మొదలుపెట్టడం నయం.

2021 మేలో మా చిన్నాన్నకు బెడ్డు కోసం నేనొక రాత్రంతా ఫోన్లు చేశాను. పేపర్లో వచ్చిన సహాయ కేంద్రాల జాబితాలో ఎనిమిది నంబర్లున్నాయి. మూడు స్విచ్ఛాఫ్. రెండు ఎంత మోగినా ఎత్తలేదు. ఒకటి బదిలీ అయి వేరే జిల్లాకు పోయిన ఆయనది, పాపం ఆయన నిద్రలోనే విసుక్కోకుండా ఇంకో నంబరిచ్చాడు. ఒకావిడ ఎత్తి, బెడ్లు లేవండీ అని చెప్పింది. ఎనిమిదోది పని చేసింది. తెల్లవారి నాలుగింటికి బెడ్డు దొరికింది.

అప్పటి నుంచి ఎవరైనా ప్రణాళిక సిద్ధంగా ఉందంటే నాకు ఒకటే పరీక్ష తోస్తుంది. బ్రహ్మోత్సవాలకు ఒక నెల ముందు, ఎవరికీ చెప్పకుండా, ఒక ఆదివారం రాత్రి రెండింటికి ఆ ఫైలు చివరి పేజీ తెరిచి, పైనుంచి కిందికి ప్రతి నంబరుకూ రింగు ఇవ్వాలి. ఎన్ని ఎత్తారో పెన్సిలుతో పక్కన రాసుకోవాలి. పొద్దున్నే ఎత్తనివాటి స్థానంలో కొత్తవి రాయాలి. క్యారీ బ్లెయిర్ గొట్టాల బీరువా తాళం ఎవరి దగ్గరుందో కూడా, ఆ ఫోన్లలోనే అడిగేయాలి.